తాత, టాటా: రెండక్షరాల మాట

జంషెడ్‌పూర్ నగరానికి రైలులో పోయేవారు దిగవలసిన స్టేషన్ పేరు టాటానగర్. రైల్వేవారు ఆ స్టేషన్‌కు గుర్తుగా వాడే నాలుగు రోమన్ అక్షరాలను కూడబలుక్కొని చదివినా టాటా అనే వస్తుంది. చుట్టుపక్కల పల్లెలవారు నగరం పేరును పూర్తిగా పలకరు. "టాటా పోతున్నాము" అంటారు, "టాటాలో పని దొరికింది" అంటారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ మాట మరింత చిక్కు పడుతుంది. కర్మాగారంలో పని చేసి విరమించిన వృద్ధుడొకడు మనుమని చూడటానికి విశాఖపట్నం వచ్చి వెళ్ళాడనుకొందాము. "టాటాలో పని చేసిన తాత టాటా నుండి వచ్చి, టాటా చెప్పి వెళ్ళాడు" అని ఆ ఇంటివారు చెప్పుకొంటే అందులో దోషమేమీ లేదు. మొదటిది సంస్థ, రెండవది బంధుత్వం, మూడవది ఊరు, నాల్గవది వీడుకోలు. తెలుగు లిపి ఇందులో ఒకదానిని వేరుచేసి చూపుతున్నది. రోమన్ లిపిలో వ్రాస్తే ఆ భేదం కూడ ఉండదు.

ఒకే విధంగా వినిపించినంత మాత్రాన మాటలకు చుట్టరికం కట్టరాదని భాషాశాస్త్రజ్ఞులు చాలకాలంగా చెబుతున్నారు. అయినా అట్లా కట్టిన చుట్టరికాల మీద జాతుల చరిత్రలను నిలబెట్టే అలవాటు మన దేశంలో బలంగానే ఉన్నది. ఫలానా భాష మా భాషకు బిడ్డ అనీ, ఫలానా జాతి ఒకప్పుడు మా వారేననీ వాదించేవారు సాధారణంగా చూపే సాక్ష్యం ఇటువంటి చిన్న మాటలే. ఆ సాక్ష్యాన్ని పరీక్షించటానికి టాటానగరం కంటె అనువైన చోటు నాకు తోచదు.

ముందు ఆ ఊరి సంగతి. జంషెట్జీ నసర్వాన్‌జీ టాటా 1839లో గుజరాతులోని నవసారిలో, పార్సీ పురోహితుల కుటుంబంలో జన్మించాడు. 1904లో జర్మనీలో మరణించాడు. తన పేరిట వెలసిన నగరాన్ని ఆయన చూడలేదు. ఇనుము, ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే తావున సాక్చీ అనే పల్లెను అదే సంవత్సరం చివర కర్మాగారానికి ఎన్నుకొన్నారు. దగ్గరి రైలు స్టేషన్ పేరు కాలీమాటీ. 1911 డిసెంబరులో దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు తయారైనవి. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలోను, ఈజిప్టులోను, తూర్పు ఆఫ్రికాలోను సైన్యాల కోసం వేసిన రైలుమార్గాలకు ఈ కర్మాగారం పట్టాలు అందించింది. ఆ మేలుకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి వచ్చి, ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. వ్యవస్థాపకుని సొంత పేరు ఊరికి, ఇంటిపేరు స్టేషన్‌కు దక్కినవి. జనుల నోట నిలిచింది మాత్రం ఇంటిపేరే. రెండక్షరాల మాటకు ఉన్న సౌలభ్యం అటువంటిది.

ఆ ఇంటిపేరుకు అర్థమేమి? టాటా వంశాన్ని గురించి చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. వారి పూర్వికులలో ఒకడు మహా కోపిష్టి అట. గుజరాతీలో 'తాతుం' అంటే వేడియైనది, తీక్ష్ణమైనది. ఆ గుణాన్ని బట్టి వచ్చిన మారుపేరు వంశానికి నిలిచిందని అంటారు. ఆ గుజరాతీ మాట పుట్టుక స్పష్టమే. సంస్కృతంలోని 'తప్త' ప్రాకృతంలో 'తత్త' అయింది. అందులోని ద్విత్వం సడలి, ముందున్న అచ్చు దీర్ఘమై, హిందీలో 'తాతా' అయింది. పల్లెటూరి హిందీలో నేటికీ వేడి నీళ్ళను, వేడి అన్నాన్ని ఈ మాటతో చెబుతారు. కాని కథకు శబ్దపరంగా ఒక అడ్డంకి ఉన్నది. తాతుం అన్నప్పుడు పలికేది దంత్యమైన తకారం. ఇంటిపేరులో ఉన్నది మూర్ధన్యమైన టకారం. గుజరాతీ లిపిలో ఈ రెండింటికి వేర్వేరు అక్షరాలున్నవి. ఇంటిపేరును సాధారణంగా టకారంతో వ్రాస్తారు. ఇంటిపేర్లు మామూలు మాటల నియమాలకు ఎప్పుడూ లొంగవు గనుక కథను పూర్తిగా త్రోసివేయవలసిన పని లేదు. కోపిష్టి పూర్వికుడు ప్రతి వంశంలోను ఉంటాడు గనుక పూర్తిగా నమ్మవలసిన పనీ లేదు.

ఇక సంస్కృతంలో ఈ వేడితో ఏ సంబంధమూ లేని మరొక 'తాత' ఉన్నది. దాని చరిత్ర చాల పురాతనమైనది. ఋగ్వేదం తొమ్మిదవ మండలంలో ఒక కవి తన ఇంటివారి వృత్తులను సరదాగా చెప్పుకొంటాడు. తాను కవి, తండ్రి వైద్యుడు, తల్లి తిరుగలి త్రిప్పుతుంది. ఆ కవి తండ్రిని పిత అనలేదు, తల్లిని మాత అనలేదు. 'తత' అనీ 'ననా' అనీ ఇంటి మాటలు వాడాడు. ఈ మంత్రాన్ని వ్యాఖ్యానిస్తూ యాస్కుడు తన నిరుక్తంలో చెప్పిన మాట గమనింపదగినది. 'తత' అనేది సంతానానికి, అనగా వంశపు కొనసాగింపుకు పేరు; దానిని తండ్రికి గాని కుమారునికి గాని చెప్పవచ్చును. 'ననా' కూడ అంతే. తల్లి కావచ్చును, కూతురు కావచ్చును. యాస్కుడు దీనిని సాగదీయటం అనే అర్థం గల 'తన్' ధాతువు నుండి సాధించాడు. ఆ వ్యుత్పత్తిని నేటి శాస్త్రం అంగీకరించదు. కాని ఒకే మాట పైతరానికీ క్రిందితరానికీ చెల్లుతున్నదని ఆయన చెవి పట్టుకొన్న సంగతి మాత్రం యథార్థం. వేదంలోని 'ననా' తల్లి కాగా, మన 'నాన్న' తండ్రి, హిందీవారి 'నానా' తల్లికి తండ్రి, ఆంగ్లేయుల 'నానా' అవ్వ. ఆ మాట వెంట పోతే మరొక వ్యాసమవుతుంది.

తరువాతి సంస్కృతంలో 'తాత' అనే సంబోధనకు ఈ రెండు ముఖాలూ నిలిచినవి. కుమారుడు తండ్రిని తాత అంటాడు. తండ్రి, గురువు, పెద్దవాడు చిన్నవానిని కూడ తాత అనే అంటాడు. గీతలో కృష్ణుడు అర్జునుని ఒకచోట ఇట్లాగే పిలుస్తాడు. పాళీ జాతక కథలలో తండ్రులు కుమారులను పిలిచేది ఈ మాటతోనే. ప్రాకృతంలో నడిమి తకారం జారిపోయి 'తాఅ' అయింది. హిందీలో పెదతండ్రిని చెప్పే 'తాఊ', పంజాబీలోని 'తాయా' ఈ కుదురులోనివే. తకారం నిలిచిన రూపం పండితుల మాటగా, కావ్యభాషలో మిగిలింది.

హిందీ నుండి తెలుగు చేసేవారికి అసలు కష్టం ఇక్కడే. తులసీదాసు రామచరితమానసంలో 'తాత్' అనే సంబోధన అడుగడుగునా వస్తుంది. ఒక్క సుందరకాండలోనే విభీషణుడు అన్నయైన రావణుని ఈ మాటతో పిలుస్తాడు. సీత హనుమంతుని ఈ మాటతోనే పిలుస్తుంది. అయోధ్యాకాండలో రాముడు వనవాసానికి కారణం చెబుతూ తండ్రి మాట అన్నప్పుడు అక్కడ ఉన్నదీ ఇదే. అనువాదకుడు సులభమార్గం పట్టి, తత్సమమే గదా అని ఉన్నదున్నట్లు దించితే, సీత హనుమంతుని "తాతా" అని పిలిచినట్లవుతుంది. తెలుగు పాఠకుని కంటికి అప్పుడు అశోకవనంలో కనిపించేది ముసలి వానరం. నవ్వు రాకూడని చోట నవ్వు వస్తుంది. అందువలన సీత నోట "నాయనా" అనవలె, విభీషణుని నోట "అన్నా" అనవలె, రాముని నోట "తండ్రి" అనవలె. మూలంలో ఒక్కటిగా ఉన్న మాట తెలుగులో మూడవుతుంది. తులసీదాసు ఆ ఒక్క మాటతో అందరి మధ్య నేసిన ఆత్మీయత ఆ మేరకు తెగిపోతుంది. అది అనువాదానికి తప్పని నష్టం.

అయితే తెలుగులో అటువంటి మాట లేకపోలేదు. సంస్కృతపు తాతకు సరియైన తెలుగు మాట తాత కాదు, నాయన. "మా నాయన ఊరిలో లేడు" అన్నప్పుడు అది తండ్రి. "ఇటు రా నాయనా" అన్నప్పుడు అది బిడ్డ. అయ్య, తండ్రి, అమ్మ అనే మాటలు కూడ ఇట్లాగే రెండు వైపులకూ నడుస్తవి. పసిబిడ్డను ఎత్తుకొని "నా తండ్రీ" అనే తల్లికి యాస్కుని వ్యాఖ్య చదివి వినిపించనక్కరలేదు. శబ్దం కలిసిన చోట అర్థం కలవలేదు. అర్థం కలిసిన చోట శబ్దం వేరు.

మన తాత సంగతి ఏమిటి? తెలుగులో తాత అంటే తండ్రికి గాని తల్లికి గాని తండ్రి. అతని పైవాడు ముత్తాత. తాతకు దగ్గులు నేర్పవద్దన్న సామెతలో వినిపించేది అతని వయస్సు. తమిళంలో 'తాత్తా' కూడ ఇదే బంధుత్వం. అక్కడ పాతకాలపు 'తాతై' మాత్రం తండ్రి. సముద్రపు పాయ దాటి సింహళానికి పోతే 'తాత్తా' అంటే తండ్రే. తమిళులు, సింహళులు కలిసి బ్రతికే కొలంబోలో ఒకే పిలుపుకు ఒక ఇంట తండ్రి పలుకుతాడు, ప్రక్క ఇంట తాత పలుకుతాడు.

ఈ తరం తేడా తిరుమల కొండ మీద ఒక కథలో చిక్కుకొని ఉన్నది. రామానుజుల మేనమామ తిరుమలనంబి దూరంలోని పాపవినాశనం నుండి ప్రతిదినం స్వామి అభిషేకానికి నీరు మోసుకొని వచ్చేవాడు. ఒకనాడు వేటకాని వేషంలో స్వామి వెంబడించి, "తాతా, దాహమవుతున్నది" అని నీరడిగాడు. నంబి ఇవ్వలేదు. ఆ బాలుడు బాణంతో కుండకు చిల్లు చేసి నీరు త్రాగి, తరువాత కొండను కొట్టి ఆకాశగంగను దగ్గరగా రప్పించాడు. నంబి వంశంవారు నాటి నుండి తాతాచార్యులైనారు. విజయనగర రాజులకు గురువులైన తాతాచార్యులు ఆ పేరుతోనే ప్రసిద్ధులు. కొండ మీద ఈ కథ వినే తెలుగు భక్తునికి అందులో సందేహమేమీ ఉండదు. నీళ్ళు మోసే ముసలివానిని చిన్నవాడు తాత అనక మరేమంటాడు? కాని తిరుమలనంబిని స్తుతించే సంస్కృత శ్లోకం వేరే లెక్క చెబుతుంది. అది ఆయనను పితామహునికే పితామహుడని కీర్తిస్తుంది. పితామహుడు అనగా బ్రహ్మ. బ్రహ్మకు తండ్రి విష్ణువు. విష్ణువు నంబిని తాత, అనగా తండ్రి, అని పిలిచాడు గనుక నంబి బ్రహ్మకు పితామహుడు. ఈ లెక్క సరిపోవాలంటే తాత అంటే తండ్రి కావలె. అదే కథ, అదే పిలుపు. సంస్కృతంలో వినేవారికి ఒక తరం, తెలుగులో వినేవారికి మరొక తరం. ఇద్దరికీ అడ్డంకి లేకుండా కథ నడుస్తూనే ఉన్నది.

రోమన్ లిపి తెచ్చిపెట్టిన చిక్కుకు కూడ మన దగ్గర ఉదాహరణ ఉన్నది. విజయవాడ వద్ద ఇబ్రహీంపట్నంలోని విద్యుత్కేంద్రానికి విద్యుత్తు బోర్డు అధ్యక్షుడుగా పని చేసిన నార్ల తాతారావు పేరు పెట్టారు. ఆ పేరును ఇంగ్లీషులో చదివిన ఉత్తరాదివాడు అది టాటావారి విద్యుత్కేంద్రం అనుకొంటే అతని తప్పు కాదు.

తిరిగి సింగ్‌భూమ్‌కు వద్దాము. జంషెడ్‌పూర్‌కు పడమటి వైపున ఉన్న కొల్హాన్ ప్రాంతం 'హో' జనుల దేశం. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. దాని దూరపు బంధువులు ఖ్మేరు, వియత్నామీ భాషలు. తెలుగుతో గాని హిందీతో గాని దానికి జన్మసంబంధం లేదు. 'హో' అంటే మనిషి అని అర్థం. ముండారీలో అదే మాట 'హొడొ', సంతాలీలో 'హొడ్'. తమను మనుషులని చెప్పుకొన్న జనుల పేరు హిందీవాని చెవికి 'అగు' అనే క్రియలా, తెలుగువాని చెవికి ఆశ్చర్యార్థకంలా వినిపించటం వారి దోషం కాదు. ఆ హో భాషలోను, ముండారీలోను పితామహుని 'తాతా' అంటారు. తెలుగు కార్మికుని బిడ్డ, హో కార్మికుని బిడ్డ ఒకే వాడలో ఉండి తమ తాతలను పిలిస్తే వినిపించేది ఒకే మాట.

ఇది చూచి, హో జనులూ మనమూ ఒకటేనని వాదించటం ఎంత సులభమో పాఠకులు ఊహించుకోవచ్చును. కాని ఆ దారిన బయలుదేరినవాడు కొల్హాన్‌లో ఆగలేడు. ప్రాచీన రోమునగరంలో పిల్లలు తండ్రిని 'తాతా' అనేవారు. కవి మార్షల్ ఆ మాటను వాడాడు, సమాధి శాసనాలలో కూడ అది కనిపిస్తుంది. రుమేనియాలో, పోలెండులో నేటికీ తండ్రి అదే. కాంగో నదీతీరపు లింగాలాలోను, దక్షిణాఫ్రికాలోని షోసాలోను తండ్రి అదే. నెల్సన్ మండేలాను ఆ దేశమంతా టాటా అని పిలిచింది ఆ అర్థంలోనే. అదే దేశంలో నటాల్ చెరకుతోటలకు పోయిన తెలుగువారి, తమిళుల సంతతివారు అదే శబ్దంతో తాతను పిలుస్తారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలలోని ఐమారా జనులకు అది తండ్రి, దొర. ఫ్రాన్సులో అది అత్తకో పిన్నికో పిల్లలు పెట్టుకొన్న ముద్దుపేరు, ఇటలీలో దాది. హంగరీలో ఒక ఊరు, మొరాకోలో మరొక ఊరు. వీరందరూ ఒక ఇంటివారే అనదలచినవాడు మానవజాతి అంతా ఒక్కటే అని ఊరుకోవటం మంచిది. అందుకు ఈ మాట సాక్ష్యం అవసరం లేదు.

దీనికి సమాధానం పసిపిల్లల నోటిలో ఉన్నది. మానవశాస్త్రజ్ఞుడు జార్జి మర్డాక్ లోకంలోని భాషలనుండి తల్లిదండ్రులను చెప్పే మాటలు 1072 సేకరించాడు. భాషావేత్త రోమన్ యాకొబ్సన్ వాటిని ఆధారం చేసుకొని 1960లో ప్రకటించిన వ్యాసంలో ఆ మాటలు ఎందుకు ఇట్లా కలిసిపోతవో వివరించాడు. బిడ్డ పాలు త్రాగుతూ నోరు మూసి చేసే ధ్వని ముక్కునుండి వచ్చే మకారం. అది తల్లికి చెందుతుంది. నోరు తెరచి అచ్చు పలుకుతూ పెదవులు మూస్తే పకారం, బకారం. నాలుకను పండ్లకు తాకిస్తే తకారం, దకారం. ఈ తొలి శబ్దాలకు బిడ్డ అర్థం పెట్టదు. చుట్టూ మూగిన పెద్దలు అది తమనే పిలిచిందనుకొని మురిసిపోతారు. ఒక దేశంలో ఆ పిలుపును తండ్రి అందుకొన్నాడు, మరొక దేశంలో తాత అందుకొన్నాడు, వేరొక దేశంలో దాది అందుకొన్నది. ఈ నియమానికి అపవాదాలున్నవి. జార్జియా దేశపు భాషలో 'మామా' అంటే తండ్రి, 'దెదా' అంటే తల్లి. అయినా మొత్తం మీద వివరణ నిలుస్తుంది. ఊయల దగ్గర ప్రతి తరంలోను కొత్తగా పుట్టగల మాట కులగోత్రాలకు సాక్ష్యం కాలేదు.

మన వాక్యంలోని చివరి టాటా, అనగా వీడుకోలు, ఇంగ్లండు దాదులు పిల్లలకు చేయి ఊపటంతోపాటు నేర్పిన ముద్దుమాట. 19వ శతాబ్ది తొలి భాగంలోనే వ్రాతలో కనిపిస్తుంది. ఆంగ్లేయుల తకారం మన దంత్యంవలె పండ్లను తాకదు, కొంచెం పైన తాకుతుంది. భారతీయుల చెవికి అది టకారంగా వినిపించింది. అందువలన ఆ వీడుకోలు సరిగా పార్సీల ఇంటిపేరు మీద వచ్చి వాలింది. జంషెడ్‌పూర్‌లోనే 1945లో స్థాపించిన మరొక టాటా సంస్థ 1954 నుండి లారీలు తయారు చేయసాగింది. దేశమంతటా లారీల వెనుక రంగుతో వ్రాసిన "ఓకే టాటా" చేసినవాని పేరో, వెనుక వచ్చేవానికి వీడుకోలో ఎవరికి తోచినట్లు వారు చదువుకోవచ్చును.

పోలిక ఉండి బంధుత్వం లేని మాటను ఇంతవరకు చూచాము. అదే నగరపు రెండవ పేరులో దీనికి సరిగా ఎదురైన సంగతి ఒకటి దాగి ఉన్నది. జంషెడ్ అనేది ఇరాను పురాణాలలోని ఒక మహారాజు పేరు. పార్సీల ధర్మగ్రంథమైన అవెస్తాలో దాని పూర్వరూపం 'యిమ క్షఎత', తేజోవంతుడైన యిముడని అర్థం. ఈ యిముడు వివంగ్‌హ్వంతుని కుమారుడు. మన యముడు వివస్వంతుని కుమారుడు. పేర్లు రెండూ, తండ్రుల పేర్లు రెండూ ధ్వని నియమాల ప్రకారం అక్షరాలా సరిపోతవి. వేదంలో యముడు మరణించిన మొదటి మానవుడు, పితృలోకానికి దారి కనుగొన్నవాడు. అవెస్తాలో యిముడు చలి, ముసలితనం, చావు లేని స్వర్ణయుగాన్ని ఏలిన రాజు. పారసీకంలో మొదటి యకారం జకారమైంది. మన యముడు జముడైనట్లే. ఇట్లా చూస్తే జంషెడ్‌పూర్ పేరులో ఉన్నవాడు యముడే. ఈ మాట విని ఆ ఊరివారు కలవరపడనక్కరలేదు. వారికి దక్కినది స్వర్ణయుగపు రాజే, దండధరుడు కాడు. తాతకు టాటాకు చుట్టరికం కడుదామని ఉబలాటపడే చెవి, జంషెడ్ పేరు విన్నప్పుడు యముని తలచుకోదు. నిజమైన బంధుత్వం వేల సంవత్సరాల మార్పుల వెనుక ఉండి, వెతికినవానికే దొరుకుతుంది.

1919లో పోయిన పేర్లు పూర్తిగా పోలేదు. సాక్చీ నేడు నగరంలో ఒక పేట. బిష్టుపూర్, జుగ్‌సలాయీ, కాశీడీహ్, సోనారీ, కదమా అన్నీ పేటల పేర్లే. బిష్టుపూర్‌లో తెలుగువారు కట్టుకొన్న రామమందిరం ఉన్నది. సంతాలీని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేర్చే సవరణ 2003లో జరిగింది; హో భాష ఇంకను ఆ షెడ్యూలు వెలుపలే ఉన్నది. ఉక్కు సంస్థ పేరు 2005లో టాటా స్టీల్ అయింది. కాలీమాటీ స్టేషన్ పేరును మాత్రం సాక్చీలోని ఒక రోడ్డు ఇంకను మోస్తున్నది. నల్లమట్టి అని దానికి అర్థం చెప్పుకోవచ్చును. ఆ రోడ్డు మీద ఇప్పుడు మట్టి కనిపించదు.